ఒక జీతం కోసం ఒక జీవితం

సి.వి.రామన్‌కు నోబెల్ తెచ్చిపెట్టిన పరిశోధన జరిగిన కలకత్తా సంస్థలో ఒక ప్రయోగశాల పేరు విజయనగరం లేబరేటరీ. తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపీ విజయనగరం కాదు, మన విజయనగరమే. కె.కోటపాడులో బయల్దేరి కొత్తవలస మీదుగా వెళితే వచ్చే ఊరు. అక్కడి రాజులు పూసపాటివారి సొమ్ముతో ఆ గోడలు లేచాయి. వాళ్లను ఒప్పించి ఆ సొమ్ము తెచ్చుకున్నది భౌతికశాస్త్రవేత్త కాదు, నాడి చూసి మందిచ్చే ఒక డాక్టరు. పేరు మహేంద్రలాల్ సర్కార్.

ఆయనకు రెండు కోరికలు. భారతీయులు తమ డబ్బుతో, తమ ఆజమాయిషీలో సైన్సు పరిశోధన చేసుకునే చోటు ఒకటి ఉండాలి. అందులో ఇంకో పని పెట్టుకోకుండా పరిశోధనే చేసే ఆచార్యుడికి జీతం ఇచ్చేలా శాశ్వత నిధి ఉండాలి. మొదటి కోరిక 1876లో తీరింది. రెండోదాని కోసం ఆ తర్వాత 28 ఏళ్లు అడగని గడప లేదు. తీరకుండానే కన్నుమూశారు. పోయాక మూడు దశాబ్దాలు కావస్తుండగా ఆ పీఠం వచ్చింది, ఆయన పేరుతోనే.

శాశ్వత ఆచార్య పీఠం అంటే మన పల్లెల్లో దేవుడి మాన్యం లాంటిది. భూమి అమ్మకూడదు, దాని మీద వచ్చే అయివేజుతో దీపం వెలగాలి. ఇక్కడా అంతే. దాత ఇచ్చిన అసలు కదలదు, వడ్డీతో ఆచార్యుడి జీతం నడుస్తుంది. దాత పోయినా, ప్రభుత్వం మారినా పీఠం ఉంటుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విశ్వేశ్వరరావు, సీతా కొప్పాక పేరిట తెలుగు సాహిత్యానికీ, సంస్కృతికీ, చరిత్రకూ ఉన్న పీఠం ఈ పద్ధతిలోదే.

డాక్టర్లు ఇలాంటి పీఠాలు పెట్టడం కొత్తేమీ కాదు. లండన్ వైద్యుడు జాన్ వుడ్‌వర్డ్ 1728లో చనిపోతూ, తాను పోగుచేసిన శిలాజాలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చేర్చి, వాటిని చూసుకుంటూ పాఠం చెప్పే మనిషికి ఏడాదికి 100 పౌన్లు అందేలా వీలునామా రాశారు. ఒక షరతు మాత్రం విచిత్రమైనది: ఆ మనిషి బ్రహ్మచారి అయి ఉండాలి. ఆలుబిడ్డలుంటే చదువు మీద ధ్యాస తగ్గుతుందని దాతగారి భయం. జాన్ హెయిల్‌స్టోన్ అనే ఆచార్యుడు 1818లో పెళ్లి చేసుకుని పీఠం వదులుకున్నారు. తర్వాత వచ్చిన ఆడమ్ సెడ్జ్‌విక్ 1873లో పోయేదాకా పీఠాన్నీ వదల్లేదు, పెళ్లీ చేసుకోలేదు. 1831లో కుర్ర చార్లెస్ డార్విన్‌ను వేల్స్ కొండలకు తీసుకెళ్లి రాళ్లను చదవడం నేర్పింది ఈ సెడ్జ్‌విక్కే. ఒక డాక్టరు వందేళ్ల కిందట విడిచిపెట్టిన సొమ్ము మీద వడ్డీ అక్కడిదాకా పారింది. మహేంద్రలాల్ కోరుకున్నదీ ఇలాంటిదే, బ్రహ్మచర్యం షరతు మినహా.

మేనమామల ఇంటి నుంచి

మహేంద్రలాల్ 1833 నవంబరు 2న హౌరా జిల్లాలోని పాయిక్‌పాడా అనే పల్లెలో పుట్టారు. అయిదేళ్లకే తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని కలకత్తాలో పుట్టింటికి చేరింది. కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు ఆమె కూడా పోయింది. ఆ తర్వాత మేనమామలే అన్నీ. హేర్ స్కూల్లో ఉచితంగా సీటిచ్చారు. అక్కడినుంచి హిందూ కాలేజీ, 1854లో కలకత్తా మెడికల్ కాలేజీ.

మెడికల్ కాలేజీలో రెండో ఏడాది చదువుతుండగానే, కంటి నిర్మాణం మీదా కాంతిశాస్త్రం మీదా తోటి విద్యార్థులకు ఉపన్యాసాలు ఇవ్వమని ఆచార్యులే ఆయన్ని అడిగారు. వైద్య విద్యార్థికి కాంతితో ఏం పని అనుకోవచ్చు. ఆయనకు మాత్రం మందుల చీటీకన్నా ప్రకృతి సూత్రాల మీదే మోజు ఎక్కువ. 1863లో ఎం.డి. అయ్యారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆ పట్టా పొందిన రెండో వ్యక్తి ఆయన.

అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్‌కు బెంగాల్ శాఖ ఏర్పడింది. ప్రారంభ సభలో యువ డాక్టర్ సర్కార్ హోమియోపతిని దుమ్మెత్తిపోశారు. అది వైద్యం కాదు, మోసం అన్నారు. దొర డాక్టర్లు మురిసిపోయారు. కొద్దికాలంలోనే శాఖకు ఉపాధ్యక్షుడయ్యారు.

ఆ రోజుల్లో కలకత్తాలో రాజేంద్ర దత్తు అనే ధనవంతుడు హోమియో మందులిస్తూ పేరు తెచ్చుకున్నారు. ఆయన మాటను సర్కార్ లెక్కచేయలేదు. ఇంతలో ఒక పత్రికకు సమీక్ష రాయమని హోమియోపతి తత్వం మీద మోర్గాన్ అనే ఆయన రాసిన పుస్తకం చేతికొచ్చింది. చీల్చి చెండాడుదామని కూర్చున్నారు. చదివాక, రోగుల్ని కళ్లారా చూడకుండా ఈ పుస్తకాన్ని తిట్టడం న్యాయం కాదనిపించింది. దత్తు వైద్యం చేస్తున్న రోగుల మంచాల దగ్గరికి వెళ్లి గమనించడం మొదలుపెట్టారు. పథ్యం వల్లే తగ్గుతోందేమోనని కొందరికి మందు ఆపించి మరీ చూశారు.

1867 ఫిబ్రవరి 16న అదే సంఘం వార్షిక సభలో, అదే డాక్టర్ల ముందు లేచి, తాను హోమియోపతి వైపు మళ్లానని చదివి వినిపించారు. రభసైపోయింది. మొన్నటిదాకా భుజం తట్టినవాళ్లే వెలివేశారు. రోగులు రావడం మానేశారు. ఆరు నెలలపాటు చూడ్డానికి ఒక్క కేసు కూడా సరిగ్గా దొరకలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. పదకొండేళ్లు గడిచాక, 1878లో విశ్వవిద్యాలయం ఆయన్ని వైద్య విభాగంలో సభ్యుణ్ని చేస్తే, ఆ పక్కన మేం కూర్చోబోమని తోటి డాక్టర్లు మొండికేశారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేటి పరీక్షల ప్రమాణాల ముందు హోమియోపతి సిద్ధాంతం నిలబడలేదు. గుడివాడలో ఆ వైద్యానికి ప్రభుత్వ కళాశాల ఉన్నా, వీధి చివర తియ్యటి గోళీల డాక్టరు మీద మనకు ఎంత గురి ఉన్నా, శాస్త్రం తీర్పు అదే. కాబట్టి దేశంలో సైన్సుకు గుడి కట్టిన మనిషి సైన్సు ఒప్పుకోని వైద్యాన్ని నమ్మాడన్నది నిజం. కానీ ఆయన అక్కడికి చేరిన దారి చూడండి: నాలుగేళ్ల కిందట తాను అన్న మాటను నలుగురిలో వెనక్కి తీసుకోవడం, పరువూ రాబడీ రెండూ పోతాయని తెలిసి తీసుకోవడం. దగ్గరికెళ్లి చూసిందే నమ్ముతాననే ఆ మొండితనంలోంచే తర్వాతి పని పుట్టింది.

సైన్సెందుకు, పనిముట్లు నేర్పండి!

1868లో ఆయన సొంతంగా కలకత్తా జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రిక పెట్టారు. మరుసటేడు ఆగస్టు సంచికలో, భారతీయులు సైన్సును సాగుచేసుకోవడానికి జాతీయ సంస్థ ఒకటి కావాలని వ్యాసం రాశారు. 1870 జనవరిలో హిందూ పేట్రియట్ పత్రికలో చందాల కోసం ప్రకటన వేశారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వెయ్యి రూపాయలిచ్చారు. బంకించంద్ర ఛటర్జీ తన బంగదర్శన్‌లో సంపన్నులకు చురకలంటిస్తూ రాశారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఫాదర్ లఫాఁ అనే బెల్జియన్ పాద్రీ పక్కన నిలబడ్డారు. అయినా చందాలు చుక్క చుక్కగానే రాలాయి. సంస్థ తలుపు తెరవడానికి ఆరేళ్లు పట్టింది.

అడ్డుపుల్ల వేసినవాళ్లూ ఉన్నారు. శిశిర్ కుమార్ ఘోష్ వంటి పెద్దలు నడిపిన ఇండియన్ లీగ్ వాదన ఇది: ఆకలితో ఉన్న దేశానికి కాంతి కిరణాల లెక్కలెందుకు, చేతిపని నేర్పే సాంకేతిక పాఠశాల పెట్టండి, కుర్రాళ్లకు బతుకుతెరువు దొరుకుతుంది. చులకన చేయదగ్గ వాదనేమీ కాదు. ఇవాళ కె.కోటపాడులో ఇంటర్ పాసైన అబ్బాయి బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరతానంటే ఇంట్లోవాళ్లు అడిగేదీ అదే ప్రశ్న. సర్కార్ జవాబు సూటిగా ఉండేది. యంత్రం నడపడం నేర్చుకున్నవాడు ఇంకొకడు కనిపెట్టిన యంత్రం కోసం ఎప్పుడూ ఎదురుచూడాల్సిందే, మూలం దగ్గరికి మనమూ వెళ్లాలి. చివరికి లెఫ్టినెంట్ గవర్నర్ రిచర్డ్ టెంపుల్ సర్కార్ వైపే మొగ్గారు.

1876 జూలై 29న బౌబజార్ వీధి 210 నంబరు భవనంలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ మొదలైంది. సర్కారీ సాయం కోసం పాకులాడకూడదని, నిర్వహణ పూర్తిగా స్వదేశీయుల చేతుల్లోనే ఉండాలని ఆయన పట్టు. కాంగ్రెస్ పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది.

పరికరాలకు కాళీకృష్ణ టాగోర్ 25 వేలిచ్చారు. ఉపన్యాస మందిరానికి 1882లో వైస్రాయి రిప్పన్ శంకుస్థాపన చేశారు. జగదీశ్ చంద్ర బోస్ ఇక్కడ పాఠాలు చెప్పారు. అశుతోష్ ముఖర్జీ లెక్కలు చెప్పారు. చాలామంది ఉచితంగానే చెప్పారు. అసలు చిక్కు అదే. పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసి సాయంత్రం వచ్చి ఉపన్యాసమిచ్చే మనిషి పాఠం చెప్పగలడు, పరిశోధన చేయలేడు. పరిశోధన చేయాలంటే పొద్దస్తమానం అక్కడే ఉండాలి. ఉండాలంటే జీతం కావాలి.

ఆ జీతానికి మాత్రం దాత దొరకలేదు. ఇప్పటికీ మన దగ్గర తంతు అదే కదా. ఊరి బడికి గది కట్టిస్తామంటే నలుగురు ముందుకొస్తారు, గేటుకీ కమానుకీ ఇస్తారు, నీళ్ల ట్యాంకుకిస్తారు. పాలరాతి పలక మీద పేరు పడుతుంది, రిబ్బను కత్తిరించిన ఫొటో పేపర్లో వస్తుంది. ఆ గదిలో సైన్సు చెప్పే మాస్టారికి పదేళ్ల జీతం నేనిస్తానని వచ్చేవాళ్లెవరు?

విజయనగరం కబురు

సంస్థకు ఉపన్యాస మందిరం వచ్చినా, ప్రయోగాలు చేసే చోటు లేదు. 1890 ప్రాంతంలో ఆ లోటు తీర్చింది విజయనగరం సంస్థానం. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆనంద గజపతిరాజు, గురజాడ అప్పారావును చేరదీసిన ప్రభువు.

ఈ రాజుకూ ఆ డాక్టరుకూ మధ్య ఒక పోలిక కనిపిస్తుంది. పాత విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా ఒకటి మహారాజు తయారు చేయించారు. దాని వివరాలు గురజాడ కన్యాశుల్కం ముందుమాటలో ఇచ్చారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఇప్పటి అనకాపల్లి, విశాఖ, విజయనగరం పల్లెల లెక్క ఇది. నాటకం 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయి మహారాజుకే అంకితమైంది.

అటు కలకత్తాలో, ఆడపిల్లకు ఏ వయసులో పెళ్లి చేయవచ్చో చెప్పమని కేశవ చంద్రసేన్ డాక్టర్ల అభిప్రాయం అడిగినప్పుడు, మహేంద్రలాల్ 16 ఏళ్లు నిండాలన్నారు. 1872 నాటి వివాహ చట్టం 14 దగ్గర ఆగింది. లెక్క తీయించిన రాజూ, శరీరశాస్త్రం చూపించిన డాక్టరూ ఈ విషయంలో చెరో వైపు నుంచీ ఒకే మాట మీదికి వచ్చారు.

సర్కార్ స్వభావం తెలియాలంటే 1885 నాటి శ్యాంపుకుర్ ఇంటికి వెళ్లాలి. గొంతు కేన్సర్‌తో బాధపడుతున్న రామకృష్ణ పరమహంసకు వైద్యం చేసింది ఈయనే. మందిచ్చి వెళ్లిపోకుండా గంటల తరబడి కూర్చునేవారు. శిష్యులు గురువును అవతారమంటే ఒప్పుకునేవారు కాదు. మనిషిని దేవుణ్ని చేసి చెడగొట్టకండని గట్టిగానే అనేవారు. ఆ వాదనలన్నీ పరమహంస శిష్యుడు మహేంద్రనాథ్ గుప్తా రాసిన కథామృతంలో నమోదయ్యాయి. అయినా ఆ మంచం విడిచి కదలలేకపోయేవారు. 1886 ఆగస్టు 16న పరమహంస పోయాక, ఫొటో తీయించండని చెప్పి, అందుకు పది రూపాయలిచ్చి వెళ్లింది కూడా అవతారాన్ని నమ్మని ఈ డాక్టరే.

పదవులు చాలానే వచ్చాయి. 1883లో సి.ఐ.ఇ. బిరుదు, 1887లో కలకత్తా షెరీఫ్, బెంగాల్ శాసనమండలి సభ్యత్వం, 1898లో గౌరవ డాక్టరేటు. దేవ్‌ఘర్‌లో భార్య రాజకుమారి పేరిట కుష్ఠురోగులకు ఆశ్రమం కట్టించారు. ఆ బిరుదుల ఊసు ఆయన ఉపన్యాసాల్లో పెద్దగా వినిపించదు. ఏటా సంస్థ వార్షిక సభలో వినిపించింది ఒకటే గోడు: ఆచార్యులకు నిధి లేదు. ఒంట్లో శక్తి తగ్గేకొద్దీ గొంతులో చేదు పెరిగింది. సైన్సు మీద దేశస్థుల ఉదాసీనత తనకు అంతుపట్టడం లేదన్నారు. యువకులెవరైనా వచ్చి తన స్థానంలో నిలబడి దీన్ని గొప్ప సంస్థగా చేయాలని కోరారు. 1904 ఫిబ్రవరి 23న పోయారు.

ట్రాములోంచి చూసిన బోర్డు

మూడేళ్ల తర్వాత, 1907లో, కలకత్తా అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 18 ఏళ్ల అధికారి ఒకడు కొత్తగా చేరాడు. ట్రాములో పోతుంటే బౌబజార్‌లో సైన్సు సంస్థ బోర్డు కనబడింది. దిగి వెళ్లి తలుపు తట్టాడు. ఆశుతోష్ డే అనే ఉద్యోగి తలుపు తీశాడు. సంస్థ కార్యదర్శిగా ఉన్నది మహేంద్రలాల్ కొడుకు అమృతలాల్. ఇక్కడ పరిశోధన చేసుకోవచ్చా అని అడిగిన కుర్రాడికి ఆయన తాళాలు అప్పగించినంత పని చేశారు.

ఆ కుర్రాడు చంద్రశేఖర వెంకట రామన్. విశాఖవాసులకు ఇంటి మనిషి కిందే లెక్క. తండ్రి చంద్రశేఖర అయ్యర్ మిసెస్ ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. నాలుగేళ్ల వయసులో విశాఖ వచ్చిన రామన్ సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్, ఏవీఎన్‌లో 13 ఏళ్లకు ఎఫ్.ఏ. పూర్తిచేశారు. ఆ అబ్బాయే ఇప్పుడు తెల్లవారుజామున సంస్థకు వచ్చి, పదింటికల్లా ఆఫీసుకు పరుగెత్తి, సాయంత్రం మళ్లీ వచ్చి రాత్రిదాకా ప్రయోగాలు చేసేవాడు. పగలు లెక్కల పద్దులు, తక్కిన సమయంలో సైన్సు. జీతమిచ్చే పీఠం లేకపోతే ప్రతిభావంతుడి బతుకెలా ఉంటుందో మహేంద్రలాల్ ఏటా చెప్పింది ఇదే.

డాక్టర్ మహేంద్రలాల్ ఆశించినదాన్ని ఇద్దరు ప్లీడర్లు చేసి చూపించారు. 1912లో తారకనాథ్ పాలిత్ దాదాపు 15 లక్షల ఆస్తిని కలకత్తా విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. మరుసటేడు రాస్‌బిహారీ ఘోష్ పది లక్షలిచ్చారు. ఆచార్య పీఠాలు పుట్టాయి. వాటిని భారతీయులకే ఇవ్వాలన్నది షరతు. పిలిచింది ఒకప్పుడు బౌబజార్‌లో ఉచితంగా లెక్కలు చెప్పిన అశుతోష్ ముఖర్జీయే. 1917లో రామన్ జీతం బాగా తగ్గుతుందని తెలిసీ ప్రభుత్వోద్యోగం వదిలి పాలిత్ ఆచార్యుడయ్యారు. జీతం పాలిత్ నిధిది, ప్రయోగాలు మాత్రం మహేంద్రలాల్ ఇంట్లోనే. 1928 ఫిబ్రవరి 28న కాంతి రంగు మార్చుకోవడం, అంటే రామన్ ప్రభావం, కనబడింది కూడా అక్కడే. రెండేళ్లకు నోబెల్ వచ్చింది.

ఆ పేరుప్రతిష్ఠల అండతో రామన్ సంస్థకు నిధి కూడబెట్టారు. 1933లో భౌతికశాస్త్రంలో మహేంద్రలాల్ సర్కార్ పీఠం ఏర్పడింది. దానిమీద మొదట కూర్చున్నది కె.ఎస్.కృష్ణన్, రామన్ ప్రభావం కనుగొన్నప్పుడు రామన్ పక్కనున్న మనిషి. మధ్యలో ఢాకా వెళ్లిన ఆయన తిరిగొచ్చి, స్ఫటికాల అయస్కాంత గుణాల మీద పనిచేసి, 1940లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక జాతీయ భౌతిక ప్రయోగశాలకు తొలి డైరెక్టరు ఆయనే. సంస్థ తర్వాత జాదవ్‌పూర్‌కు మారింది. 210 నంబరు చిరునామాలో ఇప్పుడు నడుస్తున్నది గోయెంకా కామర్స్ కాలేజీ. సైన్సుకన్నా బతుకుతెరువు ముఖ్యమన్న ఇండియన్ లీగ్ పెద్దలు ఇది వింటే నవ్వుకునేవారేమో.

మన వైపు వచ్చిన పాయ ఇంకొకటుంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం 1928లో, రామన్ ప్రభావం బయటపడిన ఏడాదే, బౌబజార్ వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరు వచ్చారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ దానంతో సైన్సు కళాశాల మొదలవుతున్న రోజులవి. భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టి, బౌబజార్‌లో నేర్చుకున్న రామన్ వర్ణపటాల పనిని భగవంతం వాల్తేరు కొండ మీద కొనసాగించారు. శిష్యుడు టి.వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ సిద్ధాంతం మీద రాసిన ఇంగ్లిషు గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. తర్వాత భగవంతం ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుంచి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.